చేత్తో రాసుకున్న పదిహేడో వారం

గ్రంథాలయ వారోత్సవాలు రాగానే ‘ఇప్పుడెవరు చదువుతున్నారండీ’ అనే మాట మళ్ళీ ఊరంతా తిరుగుతుంది. నవంబరు 14 నుంచి 20 దాకా బ్యానర్లు, వక్తృత్వ పోటీలు, ఉపన్యాసాలు. ఈ ఏడు ఆ మాట చెవిన పడిన రోజే తణుకులో ఒక పాత ట్రంకు పెట్టె తెరవాల్సొచ్చింది.

మూత లేపగానే ముందు కలరా ఉండల ఘాటు. దాని వెనకాల ఎండి పొడైన వేపాకు. అడుక్కి వెళ్ళేకొద్దీ పాత కాగితం వాసన, కొంచెం తియ్యగా, కొంచెం దుమ్ముగా.

“ఒరే, వీపు పట్టుకుని లాగకు. అట్ట ఊడి చేతికొచ్చేస్తది” అని మంచం మీంచి అత్తయ్య కేకేసింది. శుక్లాలు తీయించుకున్న కన్ను ఇంకా వెలుతురుకి ఆగట్లేదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గోడకి జేరబడి, ఏ పుస్తకం ఏ మూల ఉందో చూడకుండానే చెబుతోంది.

బయటికొచ్చింది ఓ లావుపాటి బైండు. ఎర్ర కాలికో వీపు, పాలరాతి గీతల అట్ట. లోపల ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్, వారం వారం చింపి దాచి కుట్టించినది. పదహారో వారం దాకా అచ్చు పేజీలే. పదిహేడో వారం దగ్గర అచ్చు ఆగిపోయింది. ఆ స్థానంలో పదకొండు రూళ్ళ కాగితాలు, నీలం సిరా, వంకర లేని చేతిరాత. పైన సీరియల్ పేరు, కింద రచయిత్రి పేరు, పక్కన ‘గత సంచిక తరువాయి’ అన్న మాటతో సహా దిగింది. మధ్యలో స్కేలుతో ఒక గడి గీసి అందులో ‘ఇక్కడ బొమ్మ. అమ్మాయి కిటికీ ఊచలు పట్టుకుని నించుంది. జడ ముందుకి వేసుకుంది’ అని రాసుంది.

“ఆ వారం పుస్తకం మీ మావయ్యగారు బస్సులో వదిలేసొచ్చారు” అంది అత్తయ్య. “ఎదురింటివాళ్ళది ఒక్క రాత్రికని అడిగి తెచ్చుకున్నా. తెల్లారేసరికి ఇచ్చెయ్యాలి. కూర్చుని రాసేశా.”

“అంతా?”

“మరి సగం రాస్తే ఏం లాభం?”

దబ్బనం, మైలుతుత్తం, కాలికో

సీరియళ్ళు బైండు చేయించుకోవడం ఒకప్పుడు తెలుగిళ్ళలో చిన్న వ్యాపకం కాదు. వారపత్రిక ఇంటికొచ్చాక ముందు ఇంట్లో అందరూ చదవాలి. తరవాత పక్కింటివాళ్ళు. ఎదురింటివాళ్ళ దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి అట్ట మీద కాఫీ గ్లాసు ముద్ర ఒకటి పడుండేది. అప్పుడు పిన్నులు చాకు మొనతో లేపి, సీరియల్ పేజీలు మాత్రం విడదీసి, పరుపు కింద పెట్టి సాపు చేసేవారు. ముప్ఫై, నలభై వారాలు పోగయ్యాక బైండరు దగ్గరికి.

ఆ పని చూస్తూ కూర్చోవడం కూడా సరదాయే. కాగితాల దొంతి రెండు చేతులతో పట్టి బల్ల మీద టపటపా కొట్టి సమం చేస్తాడు. వీపు పక్కన దబ్బనంతో కన్నాలు పొడుస్తాడు. మైనం పట్టించిన దారంతో కుడతాడు. మైదా జిగురు ఉడికించేటప్పుడు అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తాడు, పురుగు పట్టకుండా. పాత బైండుల్లో అట్టకీ కాగితానికీ మధ్య కనిపించే ఆ పచ్చటి జాడ దానిదే. ఆఖర్న కటింగు మిషన్ మీద అంచులు కోస్తారు. చెయ్యి ఒక్క పిసరు జారితే కింది లైను తెగిపోతుంది. మా ఇంట్లో ఒక బైండు మొత్తం అలాగే పోయింది. ప్రతి పేజీలోనూ చివరి లైనుకి తలకట్లే ఉన్నాయి, అక్షరాలు లేవు. అయినా నాలుగుసార్లు చదివాం. అలవాటైతే తలకట్లతో కూడా కథ నడుస్తుంది.

ఈ బైండుల్లో అసలు కథ ఎంత ముఖ్యమో పేజీ వెనకవైపు అంత ముఖ్యం. తలనూనె ప్రకటన సగం. పెన్సిలుతో పూరించిన గళ్ళనుడికట్టు సగం. గుత్తొంకాయ కూర చేసే విధానం ‘కారం కూరి, సన్నని సెగ మీద’ దాకా ఉంది, ఆపై ఏం చెయ్యాలో వేరే పేజీతో పాటు పోయింది. అత్తయ్య ఆ మిగతా సగం సొంతంగా కనిపెట్టుకుంది. మా బంధువుల్లో ఆవిడ గుత్తొంకాయ రుచి ఎవరికీ రాకపోవడానికి కారణం అదేనని నా అనుమానం.

ఆవిడ చదివే వేళ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. వంటిల్లు సర్దాక, పాలవాడు రాకముందు. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, కాలు ఊపుతూ, చేతిలో పుస్తకం. ‘పిల్లాడు లేచేసరికి ప్రకరణం అవ్వాలి’ అన్న గడువుతో చదివిన చదువు అది. వారపత్రిక నవలలంటే పెదవి విరిచే పెద్దలు చాలామంది ఉన్నారు. పగలు రెండు గంటలు తనకంటూ తీసుకోవచ్చని ఓ రెండు తరాల ఆడవాళ్ళకి నేర్పింది ఆ సీరియళ్ళేనని నేననుకుంటాను. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ వచ్చి ఏళ్ళు గడిచినా రాజశేఖరం పేరు చెబితే ముసిముసిగా నవ్వే బామ్మలు మన వీధుల్లో ఇప్పటికీ ఉన్నారు. కావాలంటే అడిగి చూడండి.

ఆ పత్రికలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. నెలకో పూర్తి నవల ఇచ్చిన ‘చతుర’, దేశదేశాల కథలు తెచ్చిన ‘విపుల’ రెండూ 1978లో మొదలై 2021లో అచ్చు ఆపేశాయి. ‘నవ్య’ వారపత్రిక అంతకు ఏడాది ముందే, కరోనా కాలంలో ఆగింది. వారం వారం ఎదురుచూడ్డానికి పెద్దగా ఏమీ లేనప్పుడు చింపి దాచుకోవడానికి మాత్రం ఏముంటుంది? బైండర్లు ఇప్పుడు ఆఫీసు రిజిస్టర్లు, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు కుడుతున్నారు.

అర్ధరూపాయి అద్దెకి

కొని చదివేవాళ్ళకి సీరియల్. కొనలేనివాళ్ళకి అద్దె పుస్తకాల షాపు. బడ్డీ కొట్టంత జాగా, మూడు వైపులా అరలు, పుస్తకం వీపు మీద రంగుతో వేసిన నంబరు. రోజుకి పావలా, అర్ధరూపాయి. మధుబాబు షాడో ఒక అరలో, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ఇంకో అరలో, యండమూరి, మల్లాది షాపువాడి ముక్కు కింద. గిరాకీ ఉన్నవి చెయ్యి దాటనివ్వడు.

అద్దె పుస్తకంలో రెండు కథలుండేవి. ఒకటి రచయిత రాసింది. రెండోది అంతకు ముందు చదివినవాళ్ళు పెన్సిలుతో రాసింది. ‘వీడే హంతకుడు’ అని నలభయ్యో పేజీలో ఒకడు రాస్తాడు. ‘కాదు, నమ్మకండి’ అని కింద ఇంకొకడు. ఆఖరి పేజీ చిరిగిపోయి ఉంటుంది. షాపువాడిని అడిగితే ‘పోలీసులొచ్చి పట్టుకుంటారండి, ఇంకేముందీ’ అని నోటితో ముగింపు చెప్పేసేవాడు. అది నిజమో కాదో ఎవరు చూశారు!

గడువు లేని అప్పు పుస్తకాలది ఇంకో కథ. అడిగి పుచ్చుకెళ్ళినవాడు ఇవ్వడు, ఇచ్చినవాడు అడగలేడు. నా ‘చివరకు మిగిలేది’ పదమూడేళ్ళ కింద ఒక స్నేహితుడి చేతికి వెళ్ళింది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా అద్దాల బీరువాలో అది నాకేసి చూస్తూనే ఉంటుంది. కాఫీ తాగి వచ్చేస్తాను. అది రాసిన బుచ్చిబాబు పుట్టింది మన ఏలూరులోనే, 1916లో. ఎంత చెడ్డా పుస్తకం మన పాత జిల్లా దాటి పోలేదులే అని సర్దుకుంటాను.

బాక్స్: రూపాయికి 8 పైసలు

మీరు పుస్తకం ముట్టుకోకపోయినా గ్రంథాలయానికి చందా కడుతూనే ఉన్నారు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. మున్సిపాలిటీ, పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. ఈసారి పన్ను రసీదు చేతికొచ్చినప్పుడు ఆ గడి వెతకండి. మీ డబ్బుతో కొన్న పుస్తకం మీకోసం ఎక్కడో బీరువాలో ఉంది.

కుముదవల్లిలో 1897

చట్టాలు రాకముందే ఈ డెల్టాలో పుస్తకాల కోసం మనుషులు లేచారు. భీమవరం పక్కన కుముదవల్లి అనే పల్లెటూరు. 1897లో అక్కడ భూపతిరాజు తిరుపతిరాజు గారు ఒక గ్రంథాలయం పెట్టారు. పేరు శ్రీ వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం. కందుకూరి అప్పటికి బతికే ఉన్నారు. సంస్కర్తగా ఆయన పేరు చెబితే సగం ఊళ్ళు భగ్గుమనే కాలం అది. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయానికి బీజం పడింది కూడా 1898 ప్రాంతంలోనే. అంటే పట్నం కంటే పల్లె ఒక అడుగు ముందుంది. కరెంటు లేదు, సరైన రోడ్డు లేదు, సాయంత్రం లాంతరు వెలుగులో ఒకరు చదివితే పదిమంది వినడం ఉంది. అక్షరం రానివాడు కూడా పాఠకుడే ఆ లెక్కన.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయాలవాళ్ళందరి సభ జరిగింది. అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. చూపు లేని మనిషి పుస్తకాల సభకి అధ్యక్షత వహించడం తలుచుకుంటే నాకెప్పుడూ ఒళ్ళు జలదరిస్తుంది. వినడం కూడా చదవడమేనని ఇంకెవరూ వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే నాకిష్టమైంది పడవ. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పుస్తకాల పడవ నడిపించారు. ఊరి రేవులో పడవ ఆగుతుంది. బట్టలుతుక్కునేవాళ్ళు, పశువుల్ని కడిగేవాళ్ళు, చేతులు తుడుచుకుని వచ్చి పుస్తకం పుచ్చుకుంటారు. కాలువ గట్టున పుట్టినవాళ్ళకి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. తడి చేతుల ముద్రలు పడిన ఆ పుస్తకాల్లో ఒక్కటి ఎక్కడైనా దొరికితే ఎంత బావుణ్ణు.

అత్తిలి దాటుతుంటే ‘గాలివాన’

చదువు ముదిరిన కొద్దీ పక్క వ్యాపకాలు పుట్టుకొస్తాయి. కొందరు సంతకాలు పోగేస్తారు. కొందరు తొలి ముద్రణల వెంట పడతారు. నచ్చిన మాటల్ని నోటుబుక్కులో ఎక్కించుకుని, ఆ నోటుబుక్కు ఎక్కడ పెట్టారో మర్చిపోయేవాళ్ళు అన్నిటికంటే ఎక్కువ. నాకు పట్టుకున్నది మాత్రం కథ జరిగిన చోటికో, కథకుడు పుట్టిన చోటికో పోయి ఆ కథే చదవడం.

తణుకులో రైలెక్కితే రేలంగి దాటాక అత్తిలి. పాలగుమ్మి పద్మరాజు పుట్టిన తిరుపతిపురం ఆ మండలంలోనే. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో ఆయన ‘గాలివాన’కి రెండో బహుమతి వచ్చింది. రైలు, వాన, చీకటి స్టేషను, నియమాల చట్రంలో బిగుసుకున్న రావుగారు, ఆయన బిచ్చం వెయ్యని బిచ్చగత్తె. ఒక అక్టోబరు సాయంత్రం వాయుగుండం వానలో, కిటికీ షట్టరు దించినా జల్లు మొహాన కొడుతుంటే ఆ కథ చదివాను. అత్తిలి ప్లాట్‌ఫారం మీద ఒక ముసలామె చీర కొంగు పిండుకుంటూ మా పెట్టెలోకి ఎక్కింది. నా పక్కన ఖాళీ ఉంది. పుస్తకం మూసి జరిగి కూర్చున్నాను. కథ చదవకపోయుంటే జరిగేవాణ్ణా అంటే, ఏమో, నా మీద నాకంత నమ్మకం లేదు.

అదే బండి భీమవరం, ఆకివీడు, కైకలూరు మీదుగా కొల్లేటి అంచు పట్టుకుని పోతుంది. ఇక్కడ చదవాల్సింది అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’. పుస్తకంలో నీళ్ళు, పడవలు, పక్షులు, లంక ఊళ్ళు. కిటికీలోంచి చూస్తే చేపల చెరువుల గట్లు, ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు, మేత బస్తాలు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అయిదో కాంటూరు లోపలి గట్లు కొట్టించారు. అది ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్న తగువు ఆ ఊళ్ళలో ఇంకా చల్లారలేదు. పుస్తకం మీద ఒక కన్ను, కిటికీ మీద ఒక కన్ను వేసి చదివితే, రెండింటి మధ్యా ఎంత నీరు ఇంకిపోయిందో తెలుస్తుంది. ఆటపాకలో గూడబాతులు చెట్ల మీద కిక్కిరిసి కనబడితే మాత్రం పుస్తకం పక్కన పెట్టెయ్యాలి. వాటి ముందు ఏ వర్ణనా నిలవదు.

ఇంకో దారి తాడేపల్లిగూడెం మీదుగా. ‘నల్లజర్ల రోడ్డు’ అని తిలక్ కథ ఉంది. రాత్రి, అడవి దారి, ఆగిపోయిన కారు, పాము. పెద్దమనుషుల భయం ఎంతకి దిగజారుతుందో ఆ కథలో చూసినవాళ్ళు మర్చిపోరు. ఇప్పుడా రోడ్డు మీద వరసగా లారీలు, దాబాల దీపాలు. నేను పగలే వెళ్ళాను. రాత్రి వెళ్ళే ధైర్యం చేసుంటే కథ ఇంకా బాగా అర్థమయ్యేదేమో.

బాక్స్: తణుకు తిలక్

దేవరకొండ బాలగంగాధర తిలక్ 1921 ఆగస్టు 1న తణుకు పక్కన మండపాకలో పుట్టారు. 1966 జూలై 1న పోయారు. నలభై అయిదు నిండలేదు. ‘అమృతం కురిసిన రాత్రి’ కవితా సంపుటి కుందుర్తి ముందుమాటతో 1968లో వచ్చింది. అంటే ఆయన దాన్ని చేత్తో పట్టుకుని చూడలేదు. 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే వచ్చింది. అందులో తపాలా బంట్రోతు మీద ఒక కవిత ఉంది. ఉత్తరం కోసం గుమ్మంలో నిలబడ్డం ఎరిగినవాళ్ళు అది చదివాక ఖాకీ చొక్కాని మునుపటిలా చూడలేరు. ఇక భారతం మొదలెట్టిన నన్నయ కూడా మావాడేనని తణుకువాళ్ళు ధీమాగా చెప్పుకుంటారు.

కుర్చీలన్నీ నిండాయి

‘ఎవరు చదువుతున్నారండీ’ అనేవాళ్ళు పొద్దున్న తొమ్మిదికి ఏ పట్టణ గ్రంథాలయానికైనా వెళ్ళి చూడాలి. కూర్చోడానికి చోటుండదు. అందరూ పాతికేళ్ళ లోపు పిల్లలు. గ్రూప్స్, పోలీసు, బ్యాంకు పరీక్షల పుస్తకాలు ఎవరివి వాళ్ళు తెచ్చుకుంటారు, నీళ్ళ సీసా, టిఫిను డబ్బాతో సహా. గ్రంథాలయంలో వాళ్ళకి కావలసింది ఫ్యాను, నిశ్శబ్దం, బల్ల. గోడవార బీరువాల్లో శరత్, చలం, విశ్వనాథ తాళాలేసుకుని నిద్రపోతుంటారు. ఒక చోట బీరువా తియ్యమని అడిగితే తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. మూడోసారి వెళ్ళినా ఆయన సెలవులోనే ఉన్నాడు.

ఆ పిల్లల్ని తప్పు పట్టలేం. ఉద్యోగం రాకుండా నవలేమిటి? కానీ వాళ్ళలో ఒకమ్మాయి కరెంటు అఫైర్సు పుస్తకం మధ్యలో ఏదో పెట్టుకుని చదువుతోంది. పక్కనుంచి వెళుతూ చూశాను. చిన్న పుస్తకం, అట్టకి న్యూస్‌పేపరు వేసుంది. నేను క్లాసులో లెక్కల పుస్తకంలో షాడోని దాచిన రోజులు గుర్తొచ్చి, చూడనట్టే వచ్చేశాను.

ఇక ఫోన్ల సంగతి. వాట్సాప్‌లో నాకు వచ్చి పడిన తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు రెండు వేల పైచిలుకు. అందులో చివరిదాకా చదివినవి తొమ్మిది. ఉచితంగా వచ్చిన పుట్టెడు ధాన్యం దంచుకోకుండా గాదెలో ముక్కిపోయినట్టుంది నా ఫోను. దాచుకోవడం తేలికైపోతే చదవడం బరువవుతుందేమో. రాత్రంతా కూర్చుని పదకొండు కాగితాలు రాసినావిడ మాత్రం దాన్ని చదవకుండా వదిలిపెట్టదు కదా.

అయితే అదే ఫోను మా మావయ్యగారికి చివరి రోజుల్లో కథలు వినిపించింది. దాసుభాషితం ఆడియో పుస్తకాల యాప్‌లో గొంతులు ఆయన దిండు పక్కన నడుస్తుండేవి. నిద్రపట్టాక అత్తయ్య లేచి ఆపేది. “ఎక్కడిదాకా విన్నారో గుర్తుకి చీటీ పెట్టడానికి లేదేంట్రా ఇందులో” అని అడిగింది నన్ను. అందులో దానంతటదే గుర్తు పెట్టుకుంటుందని చెప్పినా ఆవిడ నమ్మలేదు. క్యాలెండరు వెనకాల నిమిషాలు రాసిపెట్టుకునేది.

వచ్చేవారం ముగింపు

బైండు మొత్తం తిరగేశాక చివర్న ఇంకో చిక్కు బయటపడింది. ఆఖరి పేజీ కింద నల్లటి అక్షరాల్లో ‘వచ్చేవారం ముగింపు’ అని ఉంది. తరవాత ఖాళీ అట్ట.

“ఆఖరి వారం ఏదీ?”

“మా తోడికోడలు పుచ్చుకెళ్ళింది. ఇస్తానంది.”

“ఎప్పుడు?”

“పెద్దాడు పుట్టిన ఏడు.” పెద్దాడికి ఇప్పుడు మనవరాలుంది.

పాత వారపత్రికలు కొన్ని స్కాన్ అయి ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. ఆ రాత్రి కూర్చుని వెతికాను. మసకగా, ఒక మూల చెద తిన్న జాడతో, ఆ సంచిక దొరికింది. ఆఖరి వారం నాలుగు పేజీలు. సీరియల్ పేరు ఇక్కడ చెప్పను, చదవనివాళ్ళు తిట్టుకుంటారు. పొద్దున్నే కాఫీతో పాటు అత్తయ్యకి చదివి వినిపించాను. వాళ్ళిద్దరికీ పెళ్ళయిపోతుంది. ఊరంతా సంతోషం.

అత్తయ్య గ్లాసు కింద పెట్టింది.

“అది కాదురా ముగింపు. ఆ పిల్ల వాడిని వద్దంటుంది. ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. రైలెక్కుతుంది.”

“ఇదిగో అచ్చులో ఉంది అత్తయ్యా.”

“అచ్చులో ఏదన్నా ఉంటది. ఇన్నేళ్ళూ మా వంటింట్లో అందరికీ నేను చెప్పింది అదే. రైలు బొమ్మ కూడా ఉంది.”

స్కాన్ చేసిన పేజీల్లో రైలు బొమ్మ లేదు. ఆ మాట చెప్పలేదు నేను. పెట్టె సర్దుతుంటే ఆవిడే రూళ్ళ కాగితాలు ఎక్కడున్నాయని అడిగింది. కన్ను కుదుటపడ్డాక చివరి వారం రాసి పెట్టేస్తుందట, అట్ట ఊడిపోయేలోపు.